నో డిస్‌ప్లే చీటీ: సటీకా తాత్పర్యము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మనవాడే. ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ ఆయన గంటం పట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం గురించి ఇప్పుడే ఏమీ అనలేను.

వ్యాఖ్యకు తీసుకున్న మూలం ఒక లాప్‌టాప్ రిపేరు చీటీ. లభించిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు చెబితే ఆటో అతను తల గోక్కుంటాడు, సీటీసీ అంటే చాలు తీసుకెళ్లి దింపేస్తాడు. ఆ కంప్యూటర్ల బజారు చుట్టుపక్కల ఇలాంటి వాఙ్మయం రోజూ పుడుతుంది, సాయంత్రానికి చెత్తబుట్ట చేరుతుంది. పాత కావ్యాలను టీకలతో అచ్చేసిన వావిళ్ల వారు ఉన్న రోజుల్లో లాప్‌టాపులు లేవు. ఉండి ఉంటే ఈ చీటీకీ ఒక సటీకా ప్రతి వచ్చి ఉండేది.

చీటీ అరచేతి వెడల్పు ఉంటుంది, గులాబీ రంగు కార్బన్ కాపీ. దుకాణం పేరున్న పై అంచు చిరిగిపోయింది గనక కర్త ఎవరో తేలదు. కంపెనీ, మోడల్ రాయవలసిన గడి మీద టంకం పనిలో వాడే ఫ్లక్స్ ఒలికి తేనె రంగులో గట్టిపడింది. తేదీ గడిలో ఒక గీత ఉంది. మన ప్రాచీన కవులలో చాలామంది గురించి ఇంతకంటే మనకేం తెలుసు గనక!

మూలము

నో డిస్‌ప్లే. ఫ్యాన్ ఓకే.
చిప్ ప్రాబ్లం.
హీట్ ఇచ్చాం. వచ్చింది.
నో గ్యారంటీ.

(చీటీ వెనక, పెన్సిల్‌తో)
ఆన్‌బోర్డ్ మీద నడుస్తది.

ప్రథమ వాక్య వ్యాఖ్య

ప్రతిపదార్థం: నో = లేదు; డిస్‌ప్లే = తెర మీద బొమ్మ; ఫ్యాన్ = లోపలి పంకా; ఓకే = తిరుగుచున్నది.

తాత్పర్యం: ఓ కస్టమరూ! నీ లాప్‌టాప్ పూర్తిగా పోలేదు. బటన్ నొక్కితే లేస్తున్నది, గాలి విసురుతున్నది, మొహం మాత్రం చూపించడం లేదు అని భావం.

విశేషాలు: "ఫ్యాన్ ఓకే" అన్నది వ్యర్థపదమని కొందరు కొట్టేస్తారు. అది పొరపాటు. కర్త ఆ రెండు మాటల్లో బ్యాటరీని, చార్జర్ని, పవర్ సర్క్యూట్‌ను చాలావరకు నిర్దోషులుగా విడిచిపెట్టాడు. ఇంకా సూక్ష్మం కావలసినవాళ్లు క్యాప్స్ లాక్ నొక్కి చూస్తారు. నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల ప్రాసెసరు మెలకువగానే ఉన్నదని అనుమాన ప్రమాణం. విండోస్ మొదలైన చప్పుడు వినిపిస్తే మరీ మంచిది. అలాంటి యంత్రంలోకి ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా దూరగలిగితే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, పెళ్లి ఫొటోలతో సహా.

శంక: పోయింది తెరే కావచ్చు గదా, చిప్‌ను అనడమెందుకు?

సమాధానం: కర్తకు ఆ శంక రాలేదనుకోవడం మన అమాయకత్వం. బల్ల మీద వైరు వేలాడుతున్న పాత మానిటర్ ఉండేది ఇందుకే. బయటి మానిటర్‌లో బొమ్మ శుభ్రంగా వస్తే దోషం తెరది, లేదా మడత దగ్గర నలిగిన కేబుల్‌ది. నల్లగా ఉన్న తెర మీదికి టార్చి కొట్టినప్పుడు బొమ్మ లీలగా అగుపిస్తే వెనక వెలుగు పోయిందని అర్థం. రెండు తెరల మీదా ఒకే రకం గీతలు, ఒకే చోట చుక్కలు వస్తే ఇక వాదం లేదు. ఆ గీతలు కంపెనీ లోగో దగ్గరే, విండోస్ ఇంకా రాకముందే పడితే మరీ లేదు. లోగో చక్కగా వచ్చి, విండోస్ వచ్చాక మాత్రమే తెర నల్లబడితే అది డ్రైవర్ దోషమూ కావచ్చు, చిప్ దోషమూ కావచ్చు. అక్కడ ఆ డ్రైవర్ లేకుండా లేచే సేఫ్ మోడ్ తీర్పు చెప్పాలి.

ద్వితీయ వాక్య వ్యాఖ్య

ప్రతిపదార్థం: చిప్ = గ్రాఫిక్స్ చిప్; ప్రాబ్లం = పోయినది.

ప్రాబ్లం అంటే సమస్య అని నిఘంటువు. బజారులో మాత్రం దానికి అశుభాన్ని చెప్పకుండా చెప్పే శక్తి ఉంది. దీపం కొండెక్కిందన్నట్టే ఇదీ.

ఈ నిర్ణయానికి కర్త వాడిన ప్రమాణాలు మూలంలో లేవు. వ్యాఖ్యాత పూరించాలి. ప్రత్యక్షం: గీతలు, చదరంగం గళ్లు, నేలరాలినట్టు చెదిరిన అక్షరాలు. శబ్దం, అంటే ఆప్తవాక్యం: విండోస్ డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం పక్కన కనిపించే కోడ్ 43. ఈ పరికరం తనకు బాగాలేదని తానే చెప్పుకుంది కాబట్టి ఆపేశామని దాని సారాంశం. రోగి వాంగ్మూలం కంటే ఆప్తవాక్యం ఏముంటుంది?

దీనికి పూర్వరంగం కూడా ఉంటుంది. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఒక కాపలా ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకుండా పోతే దాన్ని కుదిపి లేపి, డ్రైవర్ ఆగిపోయి మళ్లీ కోలుకుందని మూలన ఒక కబురు పెడుతుంది. తెర క్షణం నల్లబడి వస్తుంది. యజమాని టీ తాగుతూ ఆ కబురును మూసేస్తాడు. ఇలా మూసి మూసి, ఒకనాడు నీలి తెర మీద వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని పడ్డాక చీటీ పుడుతుంది.

ఇక అసలు చర్చ. చిప్ అని కర్త ఏకవచనంలో అన్నాడు గానీ, దాని కింద ఉన్నది ఒక మూడంతస్తుల ఇల్లు. హీట్ సింక్ ఊడదీసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ను తుడిస్తే మధ్యలో అద్దంలా మెరిసే చిన్న చతురస్రం బయటపడుతుంది. అది సిలికాన్. దాని కింద ఆకుపచ్చ పలక, దాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. ఆ కింద మదర్‌బోర్డు. సిలికాన్‌కూ పలకకూ నడుమ కంటికి ఆనని టంకం బొడిపెలు ఉంటాయి, వాటి సందుల్లో జిగురు నింపి ఉంటుంది. పలకకూ బోర్డుకూ నడుమ ఉండేవి అర మిల్లీమీటరు పైచిలుకు టంకం బంతులు. బజారులో వాటి పేరు బాల్స్. టంకం రెండు అంతస్తుల్లో ఉన్నదనే ఈ చిన్న విషయం గుర్తు పెట్టుకుంటే తరువాతి వాక్యం మొత్తం విడిపోతుంది. అందుకే ఇక్కడ కాస్త సాగదీస్తున్నాను.

ఏ అంతస్తులో బీట పడిందన్న దాని మీద రెండు మతాలున్నాయి. బంతులు బోర్డు నుంచి విడిపోయాయనేది మొదటిది. బజారులో నూటికి తొంభై మంది ఈ మతస్థులే, ఎందుకంటే బంతుల దాకా పరికరం వెళుతుంది. బీట చిప్ లోపల, బొడిపెల్లో పడిందనేది రెండోది. ఒక డిగ్రీ వేడికి సిలికాన్ పది లక్షల వంతుల్లో సుమారు 3 వంతులు సాగుతుంది. కింది పలక సుమారు 15 వంతులు సాగుతుంది. సినిమా చూస్తే వేడి, మూత వేస్తే చల్లదనం. ఇద్దరి మధ్య ఇరుక్కున్న బొడిపె, అటూ ఇటూ వంచిన ఇనుప తీగలాగా, ఒకరోజు తెగుతుంది.

రెండో మతానికి సాక్ష్యాలు బలమైనవి. 2008 జూలై 2న ఎన్‌విడియా కంపెనీ తన కొన్ని లాప్‌టాప్ చిప్‌ల సిలికాన్‌కు, ప్యాకేజీకి వాడిన పదార్థాలు బలహీనమని ఒప్పుకొని, వారంటీ ఖర్చుల కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. అంతకు ఏడాది ముందు, 2007 జూలైలో, ఎక్స్‌బాక్స్ 360 ఆటల పెట్టెల మీద ఎర్ర దీపాలు వెలిగి అవి ఆగిపోతున్నాయని గొడవైతే మైక్రోసాఫ్ట్ 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. ఆ గొడవకు మూలం భాగాల లోపలి అతుకులు వేడి చల్లదనాల మధ్య తెగడమేనని ఆ కంపెనీ వాళ్లే 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో చెప్పారు. కనుక చిప్ ప్రాబ్లం అన్న వాక్యాన్ని చిప్పునందలి ప్రాబ్లం అని సప్తమీ విభక్తితో చదువుకోవాలని నా సిద్ధాంతం. కర్తకు ఆ విభక్తి తెలుసో తెలియదో మూడో వాక్యం చూసి మీరే తేల్చుకోండి.

తృతీయ వాక్య వ్యాఖ్య

ప్రతిపదార్థం: హీట్ = వేడి; ఇచ్చాం = ఇచ్చితిమి (గౌరవార్థే బహువచనం; వేడి పెట్టినవాడు ఒక్కడే); వచ్చింది = వచ్చినది.

ఏమి వచ్చినది? వాక్యంలో కర్తృపదం లేదు, ఆకాంక్ష తీరదు. డిస్‌ప్లే వచ్చిందని ప్రథమ వాక్యం నుంచి లాక్కోవాలి. కరెంటు వచ్చిందని, పెద్దమ్మ వచ్చిందని ఎవరైనా అన్వయిస్తే వాళ్ల ఖర్మ.

వేడి ఇచ్చే విధానం: బోర్డును పెట్టెలోంచి బయటికి తీస్తారు. ప్లాస్టిక్ సాకెట్లు కరగకుండా చుట్టూ అల్యూమినియం రేకు కప్పుతారు. చిప్ నాలుగంచుల వెంట ఫ్లక్స్ పూసి, పై నుంచి హాట్ ఎయిర్ గన్ ముక్కు గుండ్రంగా తిప్పుతారు. కాసేపటికి ఫ్లక్స్ బుసబుస పొంగి, పొగ లేచి, ఘాటైన వాసన కొడుతుంది. పట్టకారు కొసతో చిప్‌ను వెంట్రుకవాసి కదిపితే అది జరిగి, తనంత తానే వెనక్కి వచ్చి సర్దుకుంటుంది. బంతులు కరిగాయనడానికి అదే గురుతు. చూడడానికి ముచ్చటగా ఉంటుందని ఒప్పుకోవాలి. చల్లారాక బోర్డుకు మానిటర్ తగిలించి బటన్ నొక్కితే లోగో వెలుగుతుంది. కస్టమర్ కళ్లలో కూడా.

ఈ ఘట్టంపై ఈ వ్యాఖ్యాత అల్లిన సంగ్రహ పద్యం:

ఆ.వె. వేడి సోకి నిలిచె వేయి చుక్కల తెర
చల్లబడిన మరల చక్కనగును
పొయ్యిలోన పెట్టి పుణ్యమ్ము గనువాడు
మూడు నెలల పిదప మొదటికొచ్చు

"మొదటికొచ్చు" అన్న వాడుక సంధి మీద పండితులు కోప్పడవచ్చు. బజారు విషయం గనక బజారు సంధి. మూడు నెలలు అన్నది యతి కోసం పడింది. కొన్ని మూడు రోజులకే తిరిగి వస్తాయి, ఒకటీ అరా ఏడాది దాటిస్తాయి.

మూడో పాదంలోని పొయ్యి ఒక పాఠాంతరాన్ని సూచిస్తుంది. గన్ లేనివాళ్లు విప్పిన బోర్డును వంటింటి ఓవెన్‌లో రేకు ఉండల మీద నిలబెట్టి, సుమారు 200 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు కాల్చే సంప్రదాయం ఒకటి ప్రపంచమంతా ఉంది. ఎక్స్‌బాక్స్ వారిది ఇంకో శాఖ: పెట్టెకు తువ్వాలు చుట్టి, గాలి ఆడకుండా చేసి, దాని వేడితోనే దాన్ని కాల్చడం. ఈ రెండు శాఖలూ నిజంగానే కొన్నాళ్లు తెర తెప్పిస్తాయి. (తర్వాత అదే ఓవెన్‌లో కేకు చేసి పిల్లలకు పెట్టకండి. ఫ్లక్స్ పొగ తినే వస్తువు కాదు.)

ఇప్పుడు పూర్వపక్ష ఖండన. బంతులు కరిగి మళ్లీ అతుక్కోవడం వల్లనే తెర వచ్చిందని మొదటి మతం. వారిని ఒక్క ప్రశ్న అడుగుదాం. 2006 జూలై 1 నుంచి యూరప్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని నిషేధించారు. ఆ దెబ్బకు ప్రపంచమంతా సీసం లేని టంకానికి మారింది. పాత తగరం-సీసం టంకం 183 డిగ్రీలకే కరిగేది. కొత్తది కరగాలంటే 217 దాటాలి. మరి 200 డిగ్రీల ఓవెన్‌లో ఏ బంతి కరిగింది? తువ్వాలు చుట్టిన పెట్టెలో ఏది కరిగింది? ఏదీ కరగలేదు. అయినా తెర వచ్చింది. కనుక తెర రావడానికి కారణం బంతులు కావు. లోపలి బీట వేడికి సాగి, అంచులు ఒకదాన్నొకటి తాకి, కొన్నాళ్లు కరెంటు పారనిచ్చింది. తాకుడే తప్ప అతుకు పడలేదు. మళ్లీ నాలుగు సినిమాలు చూస్తే ఆ అంచులు ఎడమవుతాయి.

ఇక రీబాలింగ్. చిప్‌ను పూర్తిగా ఊడదీసి, పాత బంతులు గీకి, జల్లెడ లాంటి స్టెన్సిల్ పెట్టి కొత్త బంతులు పేర్చి తిరిగి దించే ఈ విద్యలో నేర్పు చాలా ఉంది. చిప్‌లో చేరిన తేమ ఒక్కసారిగా ఆవిరై పగలకుండా ముందు దాన్ని 125 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టే ఓపికా కావాలి. పని అందం మీద నాకు గౌరవమే. కానీ కింది అంతస్తుకు ఎంత కొత్త టంకం వేసినా, పై అంతస్తు బీట అలాగే ఉంటుంది. అక్కడ కూడా తెర తెప్పించేది పని మధ్యలో తగిలిన వేడే. న్యూయార్క్‌లో మదర్‌బోర్డులు బాగుచేసిన లూయిస్ రాస్‌మన్ ఈ మాటను కెమెరా ముందు కోపంగా ఎన్నోసార్లు చెప్పాడు. నిజమైన మరమ్మతు ఒక్కటే, చిప్‌నే మార్చడం. కొత్తదని అమ్మే చిప్ వేరే బోర్డు నుంచి ఊడదీసి తళతళలాడేలా తోమినది కాకుండా ఉండాలి. అది తేల్చే ప్రమాణం కొనేవాడి చేతిలో సాధారణంగా ఉండదు.

చతుర్థ వాక్య వ్యాఖ్య

ప్రతిపదార్థం: నో = లేదు; గ్యారంటీ = హామీ.

తాత్పర్యం స్పష్టం. మూలం మొత్తంలో వ్యాఖ్య అక్కర్లేని వాక్యం ఇదొక్కటే. అయినా ఒక మాట. బంతుల మతస్థుడు తన మతాన్ని నిజంగా నమ్మితే ఆరు నెలల హామీ రాసిచ్చేవాడు. ఇవ్వలేదంటే, పెదవి మీద మొదటి మతం ఉన్నా జేబులో రెండో మతమే ఉందన్నమాట. కర్తకు సప్తమీ విభక్తి తెలుసు.

పెద్ద కంపెనీల గ్యారంటీకీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2011 నాటి 15, 17 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో ఏఎండీ రేడియాన్ చిప్‌లు ఇలాగే పోతుంటే, 2014లో అమెరికాలో దావా పడ్డాక, 2015 ఫిబ్రవరిలో యాపిల్ ఉచిత రిపేరు పథకం పెట్టింది. బోర్డు మొత్తం మార్చి ఇచ్చారు. మార్చిన బోర్డు మీదా ఉన్నది అదే జాతి చిప్. పథకం గడువు తీరాక రెండో బోర్డు పోయినవాళ్లు పార్క్‌లేన్ లాంటి చోట్లకే చేరారు.

పంచమ వాక్య వ్యాఖ్య

ప్రతిపదార్థం: ఆన్‌బోర్డ్ మీద = ప్రాసెసరుతో పాటే వచ్చిన లోపలి గ్రాఫిక్స్ ఆధారముగా; నడుస్తది = నడుచును.

ఇది ప్రక్షిప్తమా కాదా అన్నది మొదటి సమస్య. ముందు వైపు బాల్‌పెన్ కార్బన్, వెనక పెన్సిల్. ముందు "ఇచ్చాం", వెనక "నడుస్తది". రెండు చేతులు, రెండు యాసలు. ముందరి పాఠం కౌంటర్లో కూర్చుని బిల్లు రాసే అతనిది. వెనకది లోపల బల్ల దగ్గర, మెడకు భూతద్దం దీపం తగిలించుకొని కూర్చున్న అబ్బాయిది. బహుశా చీటీ చేతికిస్తూ, "అన్నా, మళ్ల పోతే పైసల్ పెట్టకు, ఇగో ఇట్ల చేస్కో" అని రాసి ఉంటాడు. ఈ వాక్యం దుకాణం ఆదాయానికి విరుద్ధం. తన లాభానికి విరుద్ధంగా పలికిన మాటను ప్రక్షిప్తమని తోసేయడం ఏ పరిష్కరణ పద్ధతిలోనూ లేదు. నా దృష్టిలో మూల గ్రంథం ఇదే, ముందు వైపున్నది ఉపోద్ఘాతం.

దీని వల్ల చీటీ కాలం కూడా తేలుతుంది. 2007 ప్రాంతంలో విడి గ్రాఫిక్స్ చిప్‌తో వచ్చిన ఎన్నో లాప్‌టాపుల్లో ఇంటెల్ పీఎం965 చిప్‌సెట్ ఉండేది. అందులో సొంత గ్రాఫిక్స్ లేవు. విడి చిప్ పోతే దిగి నిలబడడానికి రెండో మెట్టే లేదు. ఇంటెల్ వాళ్లు లాప్‌టాప్ ప్రాసెసర్ ప్యాకేజీలోకి గ్రాఫిక్స్‌ను తెచ్చింది 2010 జనవరిలో, ప్రాసెసర్‌తో ఒకే సిలికాన్ మీద కలిపింది 2011లో. కనుక "ఆన్‌బోర్డ్ మీద నడుస్తది" అని ఇంత ధైర్యంగా రాసిన చీటీ 2010కి ముందుది అయ్యే అవకాశం తక్కువ. శాసన పరిశోధకులు ఇంతకంటే తక్కువ ఆధారంతో రాజవంశాలనే నిర్ణయించారు.

నడిపే విధానం యంత్రం జాతిని బట్టి ఉంటుంది. ఎన్‌విడియా 2010 ఫిబ్రవరిలో తెచ్చిన ఆప్టిమస్ పద్ధతి ఉన్న లాప్‌టాపుల్లో పని సులువు. వాటిలో తెర తీగ ఎప్పుడూ లోపలి గ్రాఫిక్స్‌కే కట్టి ఉంటుంది. విడి చిప్ తాను గీసిన బొమ్మను తెచ్చి దానికి అప్పగిస్తుంది, అంతే. అప్పగించేవాడిని ఉద్యోగం నుంచి తీసేసినా తెర ఆగదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డివైస్ మేనేజర్‌లో విడి చిప్ పేరు మీద కుడి మీట నొక్కి డిసేబుల్ అంటే సరి. లినక్స్ వాళ్లు దాని డ్రైవర్ అయిన నూవోను బ్లాక్‌లిస్ట్‌లో పెడతారు. నూవో అంటే ఫ్రెంచిలో కొత్త. పాత చిప్‌ల డ్రైవర్‌కు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ.

తెరను ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు మార్చే స్విచ్ బోర్డు మీదే ఉన్న యంత్రాలు వేరు. పైన చెప్పిన 2011 మ్యాక్‌బుక్ ప్రో ఈ జాతిదే. అది లేవగానే చచ్చిన రేడియాన్ వైపే మొహం తిప్పుతుంది. దాన్ని ఇంటెల్ హెచ్‌డీ 3000 వైపు తిప్పాలంటే, ఎన్‌వీర్యామ్ అనే చిన్న జ్ఞాపకపు అరలో జీపీయూ-పవర్-ప్రెఫ్స్ అన్న మాటకు ఒక విలువ రాయాలి. పొడుగాటి మంత్రం అది, ఒక్క అక్షరం జారినా పలకదు. తర్వాత సిస్టమ్ ఫోల్డర్లోంచి రేడియాన్ డ్రైవర్‌ను తీసి వేరేచోట దాచాలి. అప్పుడు తెర వస్తుంది, గీత లేకుండా వస్తుంది.

మంత్రానికి భంగాలు రెండు. ఎవరైనా సాయం చేద్దామని కమాండ్, ఆప్షన్, పీ, ఆర్ నాలుగు మీటలూ కలిపి నొక్కితే ఎన్‌వీర్యామ్ చెరిగి కథ మొదటికొస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి, దాచిన డ్రైవర్‌ను శ్రద్ధగా మళ్లీ పాతచోట పెట్టడం రెండోది. అందుకే ఇలాంటి యంత్రాల మూత మీద "అప్‌డేట్ చేయొద్దు" అని స్టిక్కర్ అంటిస్తుంటారు. ఇంకా గట్టిగా కావాలనుకున్నవాళ్లు బోర్డు మీద ఆర్8911 అనే నువ్వుగింజంత రెసిస్టర్‌ను పీకేస్తారు. దాంతో రేడియాన్‌కు కరెంటే అందదు. పని చేయని చిప్ ఊరికే కూర్చుని బ్యాటరీ తాగడమూ, వేడెక్కడమూ ఆగుతాయి. హీట్ ఇవ్వడం మీద పెట్టిన డబ్బంతా కలిపినా, ఈ ఒక్క రెసిస్టర్ తీయడానికి అయ్యే పనికి సరిపోదని నా అభిప్రాయం. ఇచ్చే ఫలితంలో అన్నమాట, కూలిలో కాదు.

శంక: ఇలా నడిపితే నష్టం లేదా?

సమాధానం: ఉంది. ఆ మ్యాక్‌లో బయటి మానిటర్ పెట్టే రంధ్రం రేడియాన్‌కే కట్టి ఉంటుంది గనక ఇక అది గాలికే. ప్రొజెక్టర్ పెట్టి పాఠం చెప్పే మాస్టారికి ఈ యంత్రం పనికిరాదు. పెద్ద ఆటలు ఆడలేరు, వీడియో ఎడిటింగ్ నత్తనడక. కానీ ఉత్తరాలు, లెక్కలు, సినిమాలు, రైలు టికెట్లు, అను ఫాంట్లలో శుభలేఖ కంపోజింగ్, వీటిలో ఏదీ విడి చిప్‌ను ఎన్నడూ అడగలేదు. అమ్మేటప్పుడు దాని పేరు చెప్పి అదనంగా తీసుకున్నారు తప్ప, చాలామంది యజమానులకు అది పోయినప్పుడే ఉన్నట్టు తెలిసింది. విడి చిప్ ఆగాక ఫ్యాన్ మోత తగ్గుతుంది, ఒళ్లో పెట్టుకుంటే కాలదు.

శంక: లోపలి గ్రాఫిక్సే లేని 2007 నాటి యంత్రానికి గతి ఏమిటి?

సమాధానం: చీటీలో దానికి సమాధానం లేదు, కానీ మల్లినాథుడి రెండో నియమానికి ఎప్పుడో నీళ్లొదిలాను గనక చెబుతాను. డిస్కు తీసి యూఎస్‌బీ డబ్బాలో వేసుకుంటే ముందు ఫైళ్లు దక్కుతాయి. ఈ పని వేడి పెట్టించడానికి ముందే చేయాలి, తరువాత కాదు. గీతలు వస్తున్నా యంత్రం లేస్తుంటే, తెరతో పని లేకుండా నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టెగా ఒక మూల పడి ఉంటుంది. లేవనే లేవకపోతే మెమరీ, డిస్కు, బ్యాటరీ, కీబోర్డు విడిగా ఎవరికైనా పనికొస్తాయి. పార్క్‌లేన్‌లో వాటిని ఇంకా అడిగేవాళ్లున్నారు.

గద్య

ఇది ప్రాసెసరాంతర్గత గ్రాఫిక్స్ కటాక్ష లబ్ధ దర్శన భాగ్యుండును, బాహ్య మానిటర్ సంబంధ విరహితుండును, ఎన్‌వీర్యామ్ రీసెట్ భీతుండును, అప్‌డేట్ నోటిఫికేషన్ తిరస్కార ధురంధరుండును నైన యొక లాప్‌టాప్ యజమాని నిమిత్తము రచియింపబడిన నో డిస్‌ప్లే చీటీ వ్యాఖ్యయందు సర్వంబును నేకాశ్వాసము.